రిజిస్టర్‌లో మనం ఎప్పుడూ హాజరే: మన బడి పైసల లెక్కకి ఒక చరిత్ర

 

పోస్ట్ పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నాం. హాస్టల్‌లో కరెంటు పోయినప్పుడు సగం, వచ్చాక సగం చదువుకోండి. మా రూమ్‌లో నలుగురం కలిసి రాసింది ఇది. ఇద్దరం బీకాం, ఒకరు బీఏ హిస్టరీ, ఒకరు బీఎస్సీ. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. అందుకే ఏదైనా తప్పు రాస్తే పెద్దవాళ్ళు సరిచెయ్యండి.

సంగతి దండారితో మొదలైంది. దీపావళికి కాలేజీ సెలవు రెండు రోజులే. మేము గుస్సాడి చూడకుండా ఉండలేక తొమ్మిది రోజులు ఊళ్ళల్లోనే ఉండిపోయాం. అది మా తప్పే, ఒప్పుకుంటాం. హాస్టల్ మొత్తంలో అట్లా పోయినవాళ్ళం 38 మందిమి. తిరిగొచ్చాక మెస్ కమిటీ మెంబర్లుగా మాలో ఇద్దరిని ఆఫీసు రూమ్‌కి పిలిచి నెల రిజిస్టర్ మీద సంతకం పెట్టమన్నారు. మామూలుగా అయితే చూడకుండా పెట్టేవాళ్ళం. ఆ రోజు మాత్రం కన్ను మా పేర్ల మీద పడింది. ఆ తొమ్మిది రోజులూ మేము హాజరు. మూడు పూటలా తిన్నాం. ఊళ్ళో నెమలీకల టోపీల వెనక నడుస్తున్న మేము, ఇక్కడ సాంబారు కూడా తాగామట.

తెలంగాణలో 2024 చివర్లో డైట్ ఛార్జీలు పెరిగాక ఇంటర్ నుంచి పీజీ దాకా ఒక్కొక్కరికి నెలకి 2100 రూపాయలు. అంతకుముందు 1500. అంటే ఇప్పుడు రోజుకి 70. 38 మందిని 9 రోజులతో, దాన్ని 70తో గుణిస్తే 23,940 రూపాయలు.

వార్డెన్ సార్ కోప్పడలేదు. కూర్చోమన్నారు. "బిల్లు పెట్టి నాలుగు నెలలైంది రా. టోకెన్ నంబర్ ఉన్నది, పైసలు రాలె. కిరాణా సేఠ్ ఇంకెన్ని రోజులు ఉద్దెర ఇస్తడు? గ్యాస్‌కి, ఆటోకి వేరే పద్దు లేదు. ఈ రోజులు తీసేస్తే మీ కంచంలోనే తగ్గుతది, నా కంచంలో కాదు" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం అనిపించలేదు. రిజిస్టర్‌లో ఉన్నది నిజమూ కాదు. ఒక్కరోజు టైం అడిగి బయటికొచ్చాం.

మా సీనియర్ అన్న ఒకరు ఆడిట్ ఆఫీసులో ఆర్టికల్‌షిప్ చేస్తున్నాడు. రాత్రి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "మా ఆఫీసుకి నెలనెలా సర్క్యులర్ల కట్ట వస్తది, ప్రభుత్వ పైసలతో నడిచే బడుల లెక్కలు చూసేవాళ్ళకి ఏ రూల్ మారిందో చెప్తూ. టీడీఎస్ ఎంత, యూసీ ఎప్పటిలోగా, ఏ అకౌంట్ మూసెయ్యాలి అని. అవి మా దాకా వస్తయి, మీ దాకా రావు" అన్నాడు. ఆ మాట మాకు గుచ్చుకుంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసిన రోజు మనందరికీ గుర్తే. ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో అది. మన అన్నలు రోడ్డెక్కారు. మరి 2021 మార్చి 23న ఏం జరిగిందో మనలో ఎవరికైనా తెలుసా? ఆ రోజు ఢిల్లీలో ఆర్థిక శాఖ మన బడుల బ్యాంకు ఖాతాలన్నిటి తలరాత మార్చే కాగితం ఒకటి విడుదల చేసింది. దాని దగ్గరికి వస్తాం. ముందు చాలా వెనక్కి పోవాలి.

సర్కారు పైసలు బడికి ఇచ్చి లెక్క అడిగే పద్ధతి మన దేశంలో పెద్ద ఎత్తున మొదలైంది 1854 జులై 19 నాటి ఒక ఉత్తరంతో. వుడ్స్ డిస్పాచ్ అని చిన్న క్లాసుల్లో బట్టీ కొట్టిందే. చార్లెస్ వుడ్ పేరు రాస్తే రెండు మార్కులు. అందులో డబ్బు సంగతి మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. సర్కారే అన్ని బడులూ పెట్టలేదు కాబట్టి వేరేవాళ్ళు నడిపే బడులకి గ్రాంట్ ఇస్తాం, కానీ షరతులున్నాయి: బాధ్యత తీసుకునే స్థానిక యాజమాన్యం ఉండాలి, ఇన్‌స్పెక్టర్ వస్తే చూపించాలి, పిల్లల దగ్గర ఎంతో కొంత ఫీజు వసూలు చెయ్యాలి. మరుసటి ఏడు మద్రాసులో విద్యాశాఖ పెట్టి అలెగ్జాండర్ అర్బుత్‌నాట్‌ని మొదటి డైరెక్టర్‌ని చేశారు. గ్రాంట్ నియమాలు కూడా ఆ ఏడాదే వచ్చాయి.

ఆ మూడు షరతుల్ని కొండ మీది గూడెంలో పెట్టి చూడండి. ట్రస్టీగా సంతకం చేసేవాళ్ళు ఎవరు? ఇన్‌స్పెక్టర్ ఏ దారిన వస్తాడు? ఫీజు ఏ పైసలతో కడతారు? రూల్‌లో ఎక్కడా 'గిరిజనులకి ఇవ్వం' అని లేదు. అయినా రూల్ తనంతట తానే కొండ కింద ఆగిపోయింది.

తర్వాత ఇంగ్లండ్‌లో ఒక పెద్ద మార్పు జరిగింది. అది ఎక్కడో లండన్ సంగతి అనుకోవద్దు, కాసేపట్లో ఇక్కడికే వస్తుంది. 1862లో రాబర్ట్ లో అనే ఆయన అక్కడి బడుల గ్రాంట్‌కి కొత్త కోడ్ తెచ్చాడు. పిల్లవాడి సగటు హాజరుకి 4 షిల్లింగులు. 200 పూటలు హాజరై, ఇన్‌స్పెక్టర్ ముందు చదవడం, రాయడం, లెక్కలు మూడూ పాసైతే ఇంకో 8 షిల్లింగులు. ఒక్కో దాంట్లో తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. అంటే పిల్లవాడి తల మీద రేటు కట్టారు. ఖజానాకి మాత్రం బాగా కలిసొచ్చింది. 1861లో 8 లక్షల 13 వేల పౌండ్లున్న గ్రాంట్ 1865 నాటికి 6 లక్షల 36 వేలకి దిగింది. బడుల్లో ఏమైందంటే, ఇన్‌స్పెక్టర్ అడిగే పుస్తకాన్నే ఏడాదంతా బట్టీ పట్టించారు. ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్న కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతి చదువుని చంపుతోందని గట్టిగా వ్యతిరేకించాడు. జీతం రిజిస్టర్ మీద ఆధారపడ్డప్పుడు టీచర్ రిజిస్టర్‌కే పాఠం చెప్తాడు. ఇది మాకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. పదో తరగతి రిజల్ట్ కోసం మా ఆశ్రమ పాఠశాలలో జనవరి నుంచి ఏం జరిగేదో మాకు తెలుసు.

అదే దశకంలో ఈ ఫలితాల గ్రాంట్ మద్రాసు ప్రెసిడెన్సీలోకీ దిగింది. వీధి బడుల పంతుళ్ళని కూడా ఈ లెక్కలోకి తెచ్చారు. పిల్లవాడు పాసైతే ఇంత, తప్పితే లేదు. కర్జన్ కాలం నాటికి గానీ ఈ పద్ధతి పక్కకి పోలేదు.

ఈ మధ్యలోనే, 1882లో హంటర్ కమిషన్ కూర్చుంది. దాని సిఫార్సుల్లో కొన్ని నేరుగా మన గురించే. మేము ఇది చదివి ఆశ్చర్యపోయాం, ఎందుకంటే మన చదువు సంగతి సర్కారు కాగితాల్లో 1947 తర్వాతే వచ్చిందనుకునేవాళ్ళం. ఆదిమ తెగల పిల్లలకి అవసరమైన చోట ఫీజు మినహాయించాలి అంది కమిషన్. మామూలు బడుల్లో ఈ పిల్లలు చదివితే ఫలితాల గ్రాంట్ కింద అదనపు మొత్తం ఇవ్వవచ్చు అంది. చదువుకున్న గిరిజన యువకుల్ని వాళ్ళ ప్రాంతంలోనే పంతుళ్ళుగా పెట్టే ప్రయత్నం చెయ్యాలి అంది. జీవో 3 కోసం కొట్లాడిన అన్నలూ, ఇది కాస్త గమనించండి, మాట 1882 నాటిది. అయితే దాని పక్కనే ఇంకో మాట కూడా ఉంది: తెగ భాషకి రాత లేకపోతే చుట్టుపక్కల జనం భాషలో చదువు చెప్పాలని. పైసలిచ్చే చెయ్యి ఒకటి, భాష తీసుకునే చెయ్యి ఒకటి, రెండూ ఒకే కాగితంలో.

ఇదంతా మద్రాసు వైపు కథ, అంటే పాడేరు, రంపచోడవరం మిత్రుల తాతల కాలం. మా ఆదిలాబాద్ నిజాం రాజ్యం. ఇక్కడ చదువు లెక్క వేరే దారిలో, రక్తం కారాక మొదలైంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీంని చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని సర్కారుకి అనిపించింది. హైమన్‌డార్ఫ్ ఈ కొండల్లోకి వచ్చి మార్లవాయిలో ఉన్నాడు. 1943లో అక్కడ గోండు యువకుల్ని టీచర్లుగా తయారు చేసే కేంద్రం పెట్టారు. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి, ఇక్కడ మరాఠీ తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి. మా రూమ్‌లో ఒకరి తాత ఆ బడుల్లో ఒకదానిలో చదివాడు. ఆయన ఇప్పటికీ అక్షరాలు దేవనాగరిలోనే కూడబలుక్కుంటాడు, తెలుగు చదవలేడు. మేము తెలుగు చదువుతాం, దేవనాగరిలో గోండీ రాయలేం. ఒకే ఇంట్లో రెండు తరాలకి రెండు లిపులు.

ఇప్పటి లెక్క కోణంలో చూస్తే మార్లవాయిలో పని ముందు, పద్దు తర్వాత. తర్వాత హైదరాబాద్ ఇండియాలో కలిసింది, రాష్ట్రాలు మారాయి, గోండీలో చదువు ఆగిపోయింది. బడులు మిగిలాయి, పద్దులు పెరిగాయి.

రాజ్యాంగం వచ్చాక పైసలకి పెద్ద తలుపు తెరుచుకుంది. ఆర్టికల్ 46 ప్రకారం ఎస్సీ, ఎస్టీల చదువుని ప్రత్యేక శ్రద్ధతో చూడాలి. ఆర్టికల్ 275(1) ప్రకారం గిరిజన సంక్షేమానికి కేంద్రం రాష్ట్రాలకి గ్రాంట్ ఇవ్వాలి. 1997-98లో మొదలైన ఏకలవ్య బడులు చాలాకాలం ఈ 275(1) పైసలతోనే నడిచాయి. లెక్క చూడడానికి ఆర్టికల్ 148 నుంచి 151 దాకా కాగ్. 1971లో కాగ్ విధుల చట్టం వచ్చింది. దాని 14వ సెక్షన్ ప్రకారం ఏదైనా సంస్థకి సర్కారు గ్రాంట్ లేదా అప్పు ఏడాదికి 25 లక్షలకి తక్కువ కాకుండా, దాని మొత్తం ఖర్చులో 75 శాతానికి తక్కువ కాకుండా ఉంటే కాగ్ దాని లెక్కలు చూస్తుంది. కాగ్ నివేదిక అసెంబ్లీకి పోతుంది, అక్కడి నుంచి ప్రజాపద్దుల కమిటీకి. హాస్టల్‌కి మాత్రం ఒక కాపీ రాదు.

1974-75లో ఐదో పంచవర్ష ప్రణాళికతో ట్రైబల్ సబ్‌ప్లాన్ వచ్చింది. మన ఉట్నూరు, పాడేరు లాంటి ఐటీడీఏలన్నీ ఆ ఆలోచన నుంచి పుట్టినవే. ఆలోచన సులువైనది: జనాభాలో మన వాటా ఎంతో, ప్రణాళిక ఖర్చులో అంత వాటా మన కోసం విడిగా పెట్టాలి. కాగితం మీద పెట్టారు. కానీ 'మంజూరు' వేరు, 'విడుదల' వేరు, 'ఖర్చు' వేరు. ఈ మూడు మాటల మధ్య తేడా తెలిస్తే బీకాం సగం అయిపోయినట్టే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, బడ్జెట్లో మంజూరైన మొత్తం మార్చి దాకా విడుదల కాదు, మార్చి 31 తర్వాత మురిగిపోతుంది. మిగిలింది అందరూ నడిచే రోడ్ల ఖాతాలోకి పోయి, 'గిరిజనులూ ఈ రోడ్డు మీద నడుస్తారు కదా' అనే లెక్కతో మన వాటాగా చూపించేవాళ్ళు.

ఎన్నో ఏళ్ళ పోరాటం తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది, ఆ ఏడాది 1వ నంబర్ చట్టం. మన వాటా పైసలు పెట్టే పథకం మనకి నేరుగా, లెక్కకి అందే మేలు చెయ్యాలని చట్టంలో రాశారు. ఆ 'లెక్కకి అందే' అన్న ముక్క కోసం ఎంతమంది ఎన్ని ధర్నాలు చేశారో పెద్దవాళ్ళని అడగండి.

ఆ చట్టానికి నాలుగేళ్ళు నిండగానే కింద నేల కదిలింది. 2017-18 నుంచి కేంద్రం బడ్జెట్లో ప్లాన్, నాన్‌ప్లాన్ అనే విభజనే తీసేసింది. అకౌంటెంట్లకి అది సులువైన మార్పు, రెండు నిలువు వరుసలు ఒకటయ్యాయి. మనకి మాత్రం సబ్‌ప్లాన్ అంటే 'ప్లాన్‌లో వాటా'. ప్లానే లేకపోతే దేంట్లో వాటా? అందుకే తెలంగాణలో 2017లో ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. జనాభా వాటా 9.08 శాతం లెక్కన నిధి, ఒక ఏడు ఖర్చు కాకపోతే మరుసటి ఏడు ఆ మేరకు కలపాలి. మురిగిపోకూడదు అన్న మాట చట్టంలోకి ఎక్కడం చిన్న సంగతి కాదు. పేరులోంచి 'ప్లాన్' ఎందుకు పోయిందో మాకు ఇది చదివాకే అర్థమైంది. అప్పటిదాకా ఏదో సర్కారు పేరు మార్చుకుంది అనుకున్నాం.

ఇప్పుడు యూసీ సంగతి. యుటిలైజేషన్ సర్టిఫికెట్, వినియోగ ధృవీకరణ పత్రం. కేంద్రం గ్రాంట్ ఇస్తే, అది దేనికి ఇచ్చారో దానికే వాడామని రాసిచ్చే కాగితం. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 238వ రూల్, ఫారం 12-ఏ. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాతి విడత ఆగుతుంది. దీనికి చుట్టమే ఏసీ బిల్లు, డీసీ బిల్లు. ముందు మొత్తం డ్రా చేసేది ఏసీ, తర్వాత ఓచర్లతో వివరంగా లెక్క చెప్పేది డీసీ. కాగ్ నివేదికలు తిరగేస్తే డీసీ బిల్లులు రాలేదు, యూసీలు రాలేదు, పైసలు ఖాతాల్లో పడి ఉన్నాయి అన్న మాటలే ఏడాదికేడాది కనిపిస్తాయి. ఎక్కడో జిల్లా ఆఫీసులో ఒక గుమాస్తా ఫారం నింపలేదు, ఇక్కడ పిల్లలకి దుప్పట్లు డిసెంబర్ దాటాక వచ్చాయి. రెండింటి మధ్య తాడు ఉందని మనకి తెలియదు కాబట్టి మనం వార్డెన్‌నే తిడతాం.

2021 మార్చి 23 కాగితం ఇట్లా పడి ఉన్న పైసల గురించే. కేంద్ర ప్రాయోజిత పథకం ఒక్కోదానికి రాష్ట్రంలో ఒకే నోడల్ ఏజెన్సీ, దానికి ఒకే బ్యాంకు ఖాతా. కింద ఉన్నవాళ్ళవి అన్నీ జీరో బ్యాలెన్స్ ఖాతాలు. ఆ ఏడాది జులై 1 నుంచి అమలు. బడి ఖాతాలో పైసా ఉండదు, 'ఇంత వరకు వాడుకో' అని లిమిట్ ఉంటుంది. కొన్నదానికి పీఎఫ్ఎంఎస్‌లో వెండర్ పేరు ఎక్కించి, పేమెంట్ అడ్వైస్ ప్రింట్ తీసి సంతకం పెట్టి బ్యాంకుకి ఇస్తే పైసలు నేరుగా అమ్మినవాడి ఖాతాకి పోతాయి. 2023లో దీని మీద ఇంకో మార్పు వచ్చింది, ఎస్‌ఎన్‌ఏ స్పర్శ్ అని. ఖర్చు అయ్యే వేళకే రిజర్వు బ్యాంకు ద్వారా పైసలు కదులుతాయి.

ఇది మంచిదే. వడ్డీ తినేవాళ్ళకి దారి మూసుకుంది. కానీ మా మండలంలో ఒక ప్రైమరీ బడి టీచరమ్మ చెప్పిన మాట వినండి. సమగ్ర శిక్షలో బడికి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంట్ పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. 30 మంది లోపు ఉంటే 10 వేలు, 100 లోపు 25 వేలు, 250 లోపు 50 వేలు, వెయ్యి దాటితే లక్ష. గూడెం బడిలో పిల్లలు పదిహేను మంది, కాబట్టి 10 వేలు. సుద్దముక్కలు, చీపుర్లు, రిపేర్లు అన్నీ అందులోనే. ఇదివరకు గూడెంలోనే వెదురు పని చేసే తాత దగ్గర చీపుర్లు, బుట్టలు కొనేది. ఇప్పుడు ఆ తాత వెండర్‌గా ఎక్కడు, ఆయనకి ఆధార్‌తో కలిసిన ఖాతా సరిగా లేదు. అందుకని టౌన్‌లో దుకాణం, ప్లాస్టిక్ చీపురు. లెక్క శుభ్రంగా ఉంది. గూడెం పైసలు గూడెంలో తిరగడం మాత్రం ఆగింది. పాత ఇంగ్లండ్ కోడ్ గుర్తుందా? అక్కడా తలకి ఇంత, ఇక్కడా తలకి ఇంత. పదిహేను మంది ఉన్న బడికి పైకప్పు చిన్నగా కారదు కదా.

సీనియర్ అన్న ఇంకా కొన్ని చెప్పాడు. వంట కాంట్రాక్టుకి ఇస్తే ఒక్క బిల్లు 30 వేలు దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా ఆదాయపు పన్ను కోత, వ్యక్తి అయితే 1 శాతం. పన్ను పడే సరఫరా కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీలో ఇంకో 2 శాతం. ఇంటర్ దాకా ఉన్న బడుల్లో భోజనం వడ్డించే సేవకి జీఎస్టీ మినహాయింపు ఉంది, డిగ్రీకి ఆ మినహాయింపు లేదు. బీకాం వాళ్ళు ఇవి రాసి పెట్టుకోండి, మిగతావాళ్ళు వదిలెయ్యండి.

ఇన్నేళ్ళ రూల్స్‌లో లెక్క చదివేది ఎవరు? ఇన్‌స్పెక్టర్, ట్రెజరీ, ఏజీ ఆఫీసు, ఆడిటర్. లెక్కలో అంకెగా ఉన్నవాళ్ళ చేతికి లెక్కపుస్తకం ఇచ్చిన చట్టాలు మాకు రెండే కనిపించాయి. ఒకటి 2005 సమాచార హక్కు చట్టం. రెండోది 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం. దాని 21వ సెక్షన్ ప్రకారం బడికి యాజమాన్య కమిటీ ఉండాలి, మెంబర్లలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. సర్కారు నుంచి వచ్చిన గ్రాంట్ ఎట్లా వాడుతున్నారో చూడడం ఆ కమిటీ పని అని చట్టంలోనే ఉంది.

ఇది చదువుతున్నప్పుడు మాలో ఒకరు చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళమ్మ ఆశ్రమ పాఠశాల కమిటీలో మెంబర్. ఏడాదికోసారి రెండు బస్సులు మారి వచ్చేది, చాయ్ ఇచ్చేవాళ్ళు, రిజిస్టర్‌లో వేలిముద్ర వేసి కొడుకుని చూసుకుని పోయేది. అది స్కాలర్‌షిప్ కాగితం అనుకుంది. ఆ బడి గ్రాంట్ సరిగా వాడారని ధృవీకరించినవాళ్ళలో తానూ ఒకర్తెనని ఆమెకి ఈ దీపావళి దాకా తెలియదు. ఫోన్‌లో చెప్తే, "నేను తప్పు చేసిన్నా బిడ్డా?" అని అడిగిందట. దానికి ఏం చెప్పాలో నలుగురికీ తోచలేదు. మేము కూడా అప్పటికి మూడు నెలలు చూడకుండా సంతకాలు పెట్టినవాళ్ళమే. చదువు వచ్చి పెట్టాం.

మా డిగ్రీ హాస్టల్‌కి విద్యాహక్కు చట్టం వర్తించదు, అది ఎనిమిదో తరగతి దాకానే. మాకు ఉన్నది మెస్ కమిటీ రిజిస్టర్, సమాచార హక్కు.

మరునాడు పోయి సంతకం పెట్టాం. పెట్టేముందు 38 మంది పేర్ల పక్కన ఎవరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా లేరో రాశాం. సార్ చూశారు, ఏమీ అనలేదు. బిల్లు 23,940 తగ్గి పోయింది. వారం తిరిగేసరికి సేఠ్ ఉద్దెర తగ్గించాడు, నాలుగు రోజులు వచ్చే గుడ్డు రెండు రోజులకి వచ్చింది. జూనియర్లు కొందరు మాతో మాట్లాడట్లేదు. "మీ నిజాయితీని ఏసుకుని తినమంటరా?" అని ఒకడు మొహం మీదే అడిగాడు. వాడు దండారికి పోలేదు, ఆ తొమ్మిది రోజులూ హాస్టల్‌లోనే తిన్నాడు. వాడి గుడ్డు ఎందుకు పోవాలి? మాకు జవాబు లేదు, ఇప్పటికీ.

ఒకటి మాత్రం మారింది. ఆగిపోయిన బిల్లుల టోకెన్ నంబర్లు అడిగితే సార్ కాదనకుండా పుస్తకం మా ముందు పెట్టారు, మేము రాసుకున్నాం. నాలుగు నెలలు, నాలుగు టోకెన్లు. వాటిని పట్టుకుని జిల్లా ఆఫీసుకి సమాచార హక్కు కింద అర్జీ పెట్టాం. ఊరి స్థాయిలో అయితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. పది రూపాయలు కట్టి మూడు ప్రశ్నలు రాశాం: ఏ బిల్లు ఏ తేదీన అందింది, ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉంది, ఆ పద్దు కింద ఈ ఏడాది ఎంత విడుదలైంది. అర్జీ కింద నలుగురం సంతకాలు పెట్టాం, ఈసారి ప్రతి లైనూ చదివి. జవాబుకి 30 రోజుల గడువు. ఈ రోజుకి పదకొండు రోజులైంది.